రెండు కార్తీకాలున్న ఇంట్లో ఛాడఖాయి నాడు, అంటే ఒడియావారు కార్తీక నియమం వదిలి మాంసం తినే రోజున, పొయ్యి మీద ఏం పెట్టాలి?

అరటిదొప్ప
2025 నవంబరు 6, గురువారం రాత్రి

ఈ ఏడాది మా ఇంట్లో కార్తీకం నలభై నాలుగు రోజులు వచ్చింది. పంచాంగంలో అచ్చుతప్పేమీ లేదు, మా ఇంట్లోనే రెండు పంచాంగాలు ఉన్నాయి. మేము బరంపురంలో పెద్దబజారుకు దగ్గరలో ఉంటాము. మా అత్తగారు సోంపేట నుంచి వచ్చినవారు కాబట్టి దీపావళి వెళ్లాక అక్టోబరు 22న నియమం పట్టి, నవంబరు 20 అమావాస్య దాకా నడుపుతారు. మా కోడలిది ఆస్కా దగ్గరి ఒడియా కుటుంబం. ఆ అమ్మాయి కుమార పున్నమి వెళ్లగానే అక్టోబరు 8న మొదలుపెట్టి నిన్నటి పున్నమితో ముగించింది. ఇన్నాళ్లూ వాళ్లు భువనేశ్వర్‌లో ఉండేవారు. మా అబ్బాయికి జూన్‌లో ఇక్కడికి బదిలీ అయింది గనుక ఇద్దరూ ఒకే వంటింట్లో గడుపుతున్న మొదటి కార్తీకం ఇదే. చిన్నది పట్టిన రోజు నుంచి పెద్దావిడ వదిలే రోజు దాకా గడప లోపలికి నీచు రాకూడదన్న చట్టం ఎవరూ చెప్పకుండానే అమలులోకి వచ్చింది. ఏడేళ్ల కిందట జాతకాలు చూపించినప్పుడే పంచాంగాలు కూడా కలిపి చూడవలసిందని మా వారు అంటున్నారు.

వారమంతా ఎలా గడిచిందో చెబితే గాని నా ప్రశ్న అర్థం కాదు. ఆదివారం క్షీరాబ్ది ద్వాదశి. తులసికోటలో ఉసిరికొమ్మ నాటి, అత్తగారు బియ్యప్పిండితో ముగ్గు పెట్టారు. అదే కోటకు రెండో వైపున కోడలు మురుజ వేసింది. పసుపు, ఎండిన మారేడాకుల పొడి, కాల్చిన కొబ్బరిచిప్పల బొగ్గు, ఇలాంటి పొడులతో వేసే రంగుల ముగ్గు అది. ఎవరి గీత ఎవరి గీత మీదికి వెళుతుందోనని నేను భయపడుతూ చూస్తూ ఉండగా మనుమరాలు వచ్చి రెండింటినీ సమానంగా తొక్కి వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నం అత్తగారి కోసం కంద బచ్చలి కూర చేసి ఆవ పెట్టాను. కోడలికి పంచుక, అంటే వారి కార్తీకంలో చివరి అయిదు రోజులు, మొదలైంది కాబట్టి ఆమెకు ఒంటిపూట భోజనం, అదీ పచ్చి బియ్యపు అన్నంలోకి పెసరపప్పు, అరటికాయ, చామదుంపలు ఒకే గిన్నెలో ఉడికించి నెయ్యి వేసిన హవిష. పసుపు కూడా పడని ఆ పప్పును మా అత్తగారు మొదట జాలిగా చూశారు, తరువాత ఒక ముద్ద తిన్నారు, ఆ తరువాత గిన్నెను తన వైపు జరుపుకున్నారు.

సోమవారం పెద్దావిడ ఉపవాసం. చుక్క కనబడ్డాక బియ్యపురవ్వ, పెసరపప్పు వేసి ఇత్తడి గిన్నెలో ఉప్పుపిండి చేశాను. ఆ గిన్నె అడుగున ఎర్రగా అంటుకున్న చెక్క కోసం అరవైకి దగ్గరపడిన మా వారు, ఆరేళ్లు నిండబోతున్న మనుమరాలు చెంచాలు పట్టుకుని పోటీ పడ్డారు. ఈ వారంలో నేను పొందిన సుఖాలలో దానిదే మొదటి స్థానం.

మంగళవారం ఆ పిల్ల పుట్టినరోజు, అందుకని బయట తిందామని ఒక హోటలుకు వెళ్లాము. పేరు అనవసరం. ఈ నెలంతా ఉల్లి, వెల్లుల్లి వాడబోమని గుమ్మంలో పెద్ద బోర్డు ఉంది. తీరా పనీరు కూరలో ఉల్లిముక్క కోడలి పంటి కిందే పడింది. అడిగితే, పక్క బల్లకు వెళ్లవలసిన గిన్నె పొరపాటున మాకు వచ్చిందన్నారు. ఉల్లి లేని హోటలులో పక్క బల్లకు ఉల్లి ఎలా వచ్చిందో మాత్రం చెప్పలేదు. ఆమె మళ్లీ ముద్ద ముట్టలేదు. తిరిగి వస్తూ బండి దగ్గర బరా, ఘుగుని తిన్నాము. ఉల్లి ఉందా అని కోడలు అడిగితే బండి మనిషి మాట్లాడకుండా బుట్ట వంచి చూపించాడు. అందులో పచ్చిమిరప, కొత్తిమీర, నిమ్మకాయలు తప్ప ఏమీ లేవు.

బుధవారం తెల్లవారకముందే చెరువుకు వెళ్లి, కోడలు అరటిబోదెతో చేసిన చిన్న పడవలో దీపం, తమలపాకు, వక్క పెట్టి వదిలింది. జావా, బాలి దీవులకు వర్తకానికి వెళ్లిన పూర్వపు ఒడియా సాధవుల జ్ఞాపకంగా వేసే పడవలు అవి. సాయంత్రం అత్తగారు మూడు వందల అరవై ఐదు వత్తులు వెలిగించారు. ఇక ఈ రోజు ఛాడఖాయి. నెల రోజులు నోరు కట్టుకున్న ఒడిశా అంతా మాంసం కొట్ల ముందు నిలబడే రోజు. అయితే ఈ ఏడాది అది గురువారం నాడు, అందులోనూ వారి మార్గశిరపు మొదటి గురువారం నాడు పడింది. కోడలు గుమ్మంలో ఝోటి ముగ్గు వేసి, మాణెడు కొత్త ధాన్యం పోసి లక్ష్మీపూజ చేసుకుంది, ఛాడఖాయిని రేపటికి వాయిదా వేసుకుంది.

నా ప్రశ్న ఇది. రేపు మాంసం తెప్పించాలా, వద్దా? తెప్పిస్తే పెద్దావిడకు ఇంకా పద్నాలుగు రోజులు మిగిలి ఉన్నాయి. వద్దంటే చిన్నది పైకి ఏమీ అనదు, అదే నాకు ఎక్కువ బాధ.

ఉప్పుచేప

పంచుకలో ఆ అయిదు రోజులూ కొంగ కూడా చేపను ముట్టదని, అందుకే దాన్ని బకపంచకం అంటారని గంజాం జిల్లాలో చంటిపిల్లవాడికి కూడా తెలుసు. నిన్నటితో కొంగకు కూడా విడుదల వచ్చింది. మీరు మాత్రం కొంగ కంటె కఠినంగా ఉన్నారు.

లక్ష్మివారం

పద్నాలుగు రోజులు ఆగలేని నాలుక ముప్పై రోజులు ఆగిందని గొప్ప చెప్పుకోవడం నాకు వింతగా ఉంది. పెద్దావిడ సగం నియమంలో ఉండగా అదే ఇంట్లో మాంసం ఉడకడం పద్ధతి కాదు. కోడలు పైకి ఏమీ అనదని మీరే రాశారు కదా, అమావాస్య వెళ్లనివ్వండి. పోలి పాడ్యమి నాడు తెల్లవారుజామున అరటిదొప్పలలో దీపాలు వదిలిన తరువాత, మీ పేరే అది కాబట్టి గుర్తు చేస్తున్నాను, ఏమి కావాలంటే అది వండుకోవచ్చు.

నౌపడా_ప్యాసింజర్

నా పరిస్థితి వింటే అరటిదొప్ప గారి ఇల్లే నయమనిపిస్తుంది. నేను బరంపురంలో చదువుకుంటున్నాను. మా మెస్సులో వంటవారు ఒడియావారు కావడంతో అక్టోబరు రెండో వారం నుంచి గుడ్డు కూడా కనబడలేదు. పున్నమి ఎప్పుడు వెళుతుందా అని రోజులు లెక్కపెట్టుకుని నిన్న సాయంత్రం రైలెక్కి ఇంటికి వెళ్లాను. మా అమ్మ ఎదురు వచ్చి, ‘‘కార్తీకం కదా నాయనా, నీకోసం ఆనపకాయ పాలు పోసి వండాను’’ అంది. ఈ రోజు తిరిగి వచ్చేసరికి మెస్సులో ఛాడఖాయి భోజనం మధ్యాహ్నమే అయిపోయింది.

ఉప్పుచేప

నౌపడా తమ్ముడూ, నీ కథ విన్న తరువాత నాకు అన్నం సహించడం లేదు. రేపు చేపల పులుసు మాత్రం సహిస్తుంది.

గుణుపురం_మాష్టారు

ఇక్కడ ఎవరి నియమమూ సగం కాదు, అలాగే ఎవరిదీ ఎక్కువ కాదు. ఉన్నదల్లా నెలను ఎక్కడ కోస్తారన్న తేడా. మనం, కన్నడిగులు, మరాఠీలు, గుజరాతీలు నెలను అమావాస్యతో ముగిస్తాము. ఒడియావారు, హిందీ ప్రాంతాలవారు పున్నమితో ముగిస్తారు. శుక్ల పక్షానికి అందరిదీ ఒకే పేరు. కృష్ణ పక్షం దగ్గరే పేచీ వస్తుంది. మన దీపావళి ఆశ్వయుజ బహుళ అమావాస్య నాడు వస్తే, అదే రోజు వారి పంజికలో కార్తీక అమావాస్య. మన శ్రావణ బహుళ అష్టమి వారికి భాద్రపద అష్టమి, అయినా కృష్ణుడికి ఎవరూ రెండుసార్లు పుట్టినరోజు చేయడం లేదు. ఎందుకంటే పండుగ తిథిని పట్టుకుని వస్తుంది, అది ఒక్క రోజే. నెల పొడుగునా సాగే నియమం దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఎవరి నెల వారిది అవుతుంది. ఈ లెక్కన అరటిదొప్ప గారి ఇంట్లో అందరూ కార్తీకమని ఒప్పుకునే రోజులు దీపావళి మరునాటి నుంచి పున్నమి దాకా ఉన్న పక్షమే. వంటింటికి ఆ పక్షం కట్టుబాటు చాలు, మిగిలిన రోజులలో ఎవరి కంచం వారిది అని నా తీర్పు.

మా చిన్నతనంలో ఈ చిక్కు రైలులో చూసేవాళ్లం. 1931లో పర్లాకిమిడి నుంచి గుణుపురం దాకా పొడిగించిన చిన్న రైలు అది, బ్రాడ్‌గేజి కాకముందు సంగతి. పున్నమి దాటిన సోమవారం మా నాన్నగారు శ్రీముఖలింగం దర్శనానికి ఉపవాసంతో బయలుదేరేవారు. ఎదురు బల్ల మీద పుట్టింటికి వెళ్లివస్తున్న ఒడియా కుటుంబం డబ్బా మూత తీస్తే పెట్టె అంతా మసాలా వాసన నిండేది. నాన్నగారు కిటికీ వైపు తిరిగి శివనామం కొంచెం గట్టిగా చదివేవారు. ఎదుటివారు నొచ్చుకుని మూత పెట్టబోతే, ఆయనే ‘‘తినండి, తినండి, మీ నెల అయిపోయింది’’ అని ఒడియాలో చెప్పేవారు.

లక్ష్మివారం

మాష్టారి లెక్కను నేను కాదనడం లేదు. అయితే రైలు పెట్టె వేరు, వంటిల్లు వేరు. రైలు దిగి ఎవరి ఇంటికి వారు వెళ్లిపోతారు.

పోపులపెట్టె

ఈ కథ నాది కూడా, కాకపోతే తిరగేసిన కథ. నేను ఒడియా ఇంట్లో పుట్టి రాయగడలో తెలుగు ఇంటికి కోడలిగా వచ్చాను. పదకొండేళ్లలో మీ భాష రాయడం నేర్చుకున్నాను గాని, ఛాడఖాయి నాడు చారన్నం తినడం నేర్చుకోవడానికి చాలా కాలం పట్టింది. మొదటి ఏడాది ఎవరూ నన్ను ఏమీ అనలేదు, ఏమీ అడగలేదు కూడా. ఆ రోజు మా పుట్టింట్లో నాన్న తెల్లవారకముందే గుడ్డసంచీ పట్టుకుని బజారుకు వెళతాడు. అమ్మ అల్లం, వెల్లుల్లి నూరే చప్పుడుకు మేము లేస్తాము. నెల రోజుల తరువాత వంటింట్లో వెల్లుల్లి వాసన రావడమే పండుగ, మాంసం దాని తరువాతి సంగతి. అత్తింట్లో ఆ చప్పుడు లేకుండా తెల్లవారినందుకు నాకు ఏడుపు వచ్చింది, మాంసం లేనందుకు కాదు.

మూడో ఏడాది మా అత్తగారే ఒక దారి చెప్పారు. పెరట్లో వేరే పొయ్యి, వేరే గిన్నె పెట్టుకోవాలి, అక్కడే వండాలి, అక్కడే విస్తరాకులలో తినాలి, స్నానం చేసి లోపలికి రావాలి. రాయగడలో నవంబరు రాత్రి పెరట్లో చన్నీళ్ల స్నానం చేసినవారికి ఆ మాంసం విలువ ఎంతో తెలుస్తుంది. ఆవిడ అంతవరకు ఆలోచించి పెట్టిన షరతో కాదో నేను ఇప్పటికీ అడగలేదు.

అక్కా, ఇంతమంది తీర్పులు చెబుతున్నారు గాని మీరు పెద్దావిడను నేరుగా అడిగారా?

కొరాపుట్_కాఫీ

మధ్యేమార్గం ఒకటి ఉంది. మాంసం మసాలాతో పుట్టగొడుగుల కూర చేసి, మా కొరాపుట్ కాలాజీరా బియ్యంతో అన్నం వండండి. ఆ సన్నబియ్యం ఉడుకుతూ ఉంటే పక్కింటివారు పేరు అడిగి తెలుసుకుంటారు. దానికి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పుట్టగొడుగులు కుదరకపోతే పనసపొట్టు కూర చేసుకోవచ్చు.

అరటిదొప్ప

నవంబరులో పనసపొట్టు ఎక్కడి నుంచి తెమ్మంటారు? చెట్టుకు ఇంకా పిందెలు కూడా పడలేదు. పుట్టగొడుగులు మా అత్తగారి దృష్టిలో నీచులోనే లెక్క. బియ్యం మాట మాత్రం గుర్తుపెట్టుకుంటాను.

కొరాపుట్_కాఫీ

పనస విషయంలో క్షమించండి, ఆకలి మీద కాలం గుర్తుండలేదు. మీ కంద బచ్చలి మాట చదివినప్పటి నుంచి ఒక అనుమానం పీడిస్తోంది. నేను ఆవ పెట్టిన ప్రతిసారీ కూర చేదవుతోంది. మా పక్కింటి ఒడియావారు బెసర పేరుతో అదే ఆవముద్దను పులుసులో మరిగిస్తారు, వారికి చేదు రాదు.

అరటిదొప్ప

కూర దించి, సెగ తగ్గిన తరువాతనే ఆవముద్ద కలపాలి. ఆవ గింజలో ఘాటు ముందుగా ఉండదు, నీళ్లు తగిలి నలిగినప్పుడు పుడుతుంది. మరిగే కూరలో వేస్తే ఆ ఘాటు ఎగిరిపోయి చేదు ఒక్కటే మిగులుతుంది. గింజలను కాసేపు నానబెట్టి, ఎండుమిరప, ఉప్పుతో మెత్తగా నూరి, చివర్లో వేసి మూత పెట్టండి. ముక్కు అదరకపోతే ఆవ పెట్టినట్టు కాదు.

పోపులపెట్టె

బెసర విషయంలో అక్కతో నాకు పేచీ ఉంది. మరిగించినంత మాత్రాన చేదు రాదు. ముద్దను పలుచగా నీళ్లలో కలిపి, కాసేపు తేరనిచ్చి, పైనున్న పాలలాంటి నీటినే కూరలో పోస్తాము. అడుగున మిగిలిన పొట్టు పడకూడదు. మాది ఘాటు కోసం చేసే వంట కాదు, ముద్దకు వచ్చే కమ్మదనం కోసం చేసేది. మామూలు రోజుల్లో వెల్లుల్లి కూడా పడుతుంది, కార్తీకంలో దాన్ని మానేసి పంచ ఫుటణతో, అంటే అయిదు దినుసుల పోపుతో, సరిపెట్టుకుంటాము.

ఉప్పుచేప

ఆవముద్దలో ముంచవలసిన చేపను వదిలేసి ఆవముద్ద గురించే కొట్టుకునే చర్చను నేను మొదటిసారి చూస్తున్నాను. రేపు ఉదయం చిలికా రొయ్యలు వస్తాయి. ఎవరి తీర్పు ఏదైనా నా పొయ్యి ఖాళీగా ఉండదు.

లక్ష్మివారం

ఇలాంటివారు ఈ రోజు లక్ష్మీపూజ నాడు కూడా తిని ఉంటారు.

ఉప్పుచేప

ఈ రోజు తినలేదని సవినయంగా మనవి చేస్తున్నాను. మా ఆవిడ గురువారం నాడు వంటింటికి తాళం వేస్తుంది. మార్గశిరమైనా, మరే మాసమైనా సరే, ఆ విషయంలో మా ఇంట్లో ఒకటే పంచాంగం.

గుణుపురం_మాష్టారు

పోపులపెట్టె అమ్మాయి వేసిన ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. నేను కూడా పెద్దావిడను అడగకుండానే తీర్పు చెప్పాను. అందుచేత నా తీర్పు వెనక్కి తీసుకుంటున్నాను.

అరటిదొప్ప

అడగలేదు. పడుకున్నారు. రేపు తెల్లవారి కాఫీ ఇచ్చేటప్పుడు అడుగుతాను.

నౌపడా_ప్యాసింజర్

అమ్మా, జవాబు ఏదైనా సరే, వండితే మాత్రం ఒక మాట ఇక్కడ రాయండి. మా హాస్టలు పెద్దబజారుకు ఎక్కువ దూరం కాదు.

అరటిదొప్ప
2025 నవంబరు 9, ఆదివారం

రెండు రోజులు ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు, గిన్నెలు తోమడంతోనే సరిపోయింది.

శుక్రవారం ఉదయం కాఫీ గ్లాసు చేతికి ఇస్తూ అడిగాను. ఆవిడ సగం గ్లాసు అయ్యేదాకా మాట్లాడలేదు. ఆ తరువాత, ‘‘నేను నియమం పట్టింది నా నోటికి గాని ఆ పిల్ల నోటికి కాదు. వంటింటి గడప మాత్రం దాటించవద్దు’’ అన్నారు. తలుపు వెనక నిలబడి వింటున్న మా వారు చొక్కా కూడా వేసుకోకుండా మా అబ్బాయిని లేపడానికి పరుగెత్తారు. అబ్బాయి ఆరున్నరకు వెళ్లి, గురువారాన్ని పాటించి శుక్రవారానికి మిగిలిన జనమంతా కట్టిన బారులో నిలబడి, తొమ్మిది దాటాక తిరిగి వచ్చాడు.

పెరట్లో జామచెట్టు కింద ఒంటి పొయ్యి పెట్టాము. వంట కోడలిది, నేను చేతిసాయం. ఆవనూనె కాగింది, మసాలా వేగుతోంది. జామచెట్టుకు ఎదురుగానే దేవుడి గది కిటికీ ఉంది, లోపల అత్తగారు కార్తీక పురాణం చదువుకుంటున్నారు. ఉన్నట్టుండి పారాయణం ఆగింది. ‘‘ధనియాలు మాడుతున్నాయి’’ అని కిటికీలో నుంచి వినబడింది. నిజంగానే మాడబోతున్నాయి. సెగ తగ్గించాము, పారాయణం మళ్లీ మొదలైంది. పది నిమిషాలకు, ‘‘అప్పుడే నీళ్లు పోయకండి, మాంసం తన నీరు తానే వదులుతుంది’’ అన్నారు. కోడలు చెంబు కింద పెట్టి, ‘‘జేజేమాకు అక్కడి నుంచి ఎలా కనబడుతోంది?’’ అని నన్ను ఒడియాలో అడిగింది. కనబడదు. ఆవిడకు చూపు తగ్గి నాలుగేళ్లయింది, వాసన మాత్రం తగ్గలేదు.

అసలు గొడవ బంగాళాదుంపల దగ్గర వచ్చింది. కోడలు నాలుగు దుంపలను సగానికి కోసి, వేయించి, మాంసంలో వేసింది. నూనెలో దుంప వేగిన వాసన పట్టుకుని అత్తగారు ఈసారి పెరటి గుమ్మం దాకా వచ్చేశారు. ‘‘మాంసంలో దుంపలేమిటి?’’ అని నన్ను అడిగారు. ఒడియావారి ఇళ్లలో అలాగే వేస్తారని, పులుసు పీల్చుకున్న ఆ దుంప కోసమే పిల్లలు పోట్లాడుకుంటారని చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, ‘‘సోంపేటలో మేము ములక్కాడలు వేసేవాళ్లం. పోనీ, గసగసాలైనా నూరి వేయమను’’ అని లోపలికి వెళ్లిపోయారు. గసగసాలు వేశాము. ఆ కూర ఆస్కాదీ కాదు, సోంపేటదీ కాదు, అయినా గిన్నె అడుగు తుడిచిపెట్టారు. నౌపడా అబ్బాయి మాట ప్రకారం వచ్చాడు, మూడు విస్తళ్ల అన్నం తిన్నాడు, గిన్నెలు బయట కడిగిపెట్టి వెళ్లాడు.

అత్తగారు మధ్యాహ్నం ఆనపకాయ పులుసుతో భోంచేశారు. ఆ రోజు అధ్యాయాన్ని రెండుసార్లు చదవవలసి వచ్చిందని, మొదటిసారి ఒక్క ముక్క కూడా బుర్రకెక్కలేదని సాయంత్రం విసుక్కున్నారు.

నేను తినలేదు. ఇద్దరికీ మధ్యలో ఉన్నదాన్ని కాబట్టి పెద్దావిడతో పాటు అమావాస్య దాకా ఉండాలని అనుకున్నాను. అయితే కోడలు ఉప్పు చూడమంటే చూశాను. మాష్టారూ, ఉప్పు చూడడం లెక్కలోకి వస్తుందా?

గుణుపురం_మాష్టారు

ఎన్నిసార్లు చూశారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

అరటిదొప్ప

మూడుసార్లు. మూడోసారి ఉప్పుతో పాటు దుంప కూడా ఉడికిందో లేదో చూశాను.

ఉప్పుచేప

మన్నించండి, కొంగ కంటె కఠినమని మొదట రాసిన మాటను ఉపసంహరించుకుంటున్నాను.

నౌపడా_ప్యాసింజర్

సాక్షిగా రాస్తున్నాను, మామ్మగారి గసగసాల వల్లనే ఆ పులుసు అంత చిక్కగా వచ్చింది. ఈ మాట కిటికీ దగ్గర నిలబడి ఆవిడకు చెప్పాను కూడా. ‘‘నాకెందుకు చెబుతావు, నేను కార్తీకంలో ఉన్నాను’’ అన్నారు గాని, వెళ్లేటప్పుడు రెండు ఉసిరికాయలు చేతిలో పెట్టారు.

పోపులపెట్టె

అక్కా, వచ్చే బుధవారం ప్రథమాష్టమి, మా ఒడియావారు ఇంటి పెద్దబిడ్డకు చేసే పండుగ. మీ మనుమరాలు ఇంటికి పెద్దబిడ్డ కదా, మేనమామ ఇంటి నుంచి కొత్త బట్టలు వస్తాయి, ఎండురి పిఠా తప్పనిసరిగా చేయాలి. అందులో నీచు లేదు, ఉల్లి లేదు, రెండు పంచాంగాలకూ సరిపోతుంది.

అరటిదొప్ప

కోడలు నిన్ననే ఆ మాట ఎత్తింది. మినప్పప్పు, బియ్యం నూరిన పిండిలో కొబ్బరి, బెల్లం పెట్టి పసుపాకులో మడిచి ఆవిరి మీద ఉడికించడమే కదా, పనసాకు బుట్టల్లో వేసే మన పొట్టిక్కలకు తియ్యని చెల్లెలు అని మా అత్తగారు వెంటనే బంధుత్వం కలిపేశారు. చిక్కల్లా పసుపాకుల దగ్గరే ఉంది. బజారులో చూసినవి అంచులు ఎండి చిరిగిపోయి ఉన్నాయి, మడిస్తే పిండి నిలవదు.

లక్ష్మివారం

పర్లాకిమిడిలో మా పెరట్లో రెండు మళ్ల పసుపు ఉంది. సంక్రాంతి దాటితే గాని తవ్వము కాబట్టి ఆకు ఇప్పుడు పచ్చగా, అరచేయంత వెడల్పుగా ఉంది. మంగళవారం మా చెల్లెలి ఇంటికి బరంపురం బస్సులో వస్తున్నాను, ముప్పై ఆకులు కోసి తడిగుడ్డలో చుట్టి తెస్తాను. సాయంత్రం నాలుగింటికి మీ అబ్బాయిని బస్టాండుకు పంపండి. ఆకులు వేసుకోవడానికి సంచీ తెమ్మనండి, శుక్రవారం నాటి సంచీ మాత్రం కాదు.